బ్రేక్ తొక్కితే కీచుమంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా కారు 58 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు ఎడమ చక్రం దగ్గర నెల రోజులుగా ఒకటే కీచు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బ్రేక్ వేస్తే బైకుల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. షెడ్డులో బ్రేక్ ప్యాడ్లకు (డిస్కుని రెండు పక్కలా నొక్కి ఆపే దిమ్మలు) గరుకు కాగితం పట్టించి 400 తీసుకున్నారు. నాలుగు రోజులకే మళ్లీ మొదలు.

జవాబు: పొద్దున్నే రెండు మూడు సార్లు తొక్కాక పోతోందా? అయితే రాత్రి మంచుకి డిస్కు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీద పట్టిన తుప్పే, వదిలెయ్యండి.

అడిగినవారు: లేదన్నా, రోజంతా ఉంది.

మరో జవాబు: చక్రం విప్పించి లోపలి ప్యాడ్ చూడండి. బయటిది సందుల్లోంచి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే చూసి బాగుందనేస్తారు. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) అటూ ఇటూ జరిగే పిన్నులు ఎండి బిగుసుకుంటే చాలాసార్లు లోపలిదే ముందు అరుగుతుంది. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల లోపుంటే ఎడమా కుడీ రెండు చక్రాలకీ మార్చాల్సిందే. పిన్నులకు బ్రేకుల సిలికాన్ గ్రీజే వేయించండి, మామూలుదైతే రబ్బరు ఉబ్బుతుంది. చప్పుడు పోతుందని డిస్కు మీద నూనె చుక్క వేసే మహానుభావులుంటారు (మా బావమరిది ఒకడు). ఆ పని మాత్రం వద్దు.

అడిగినవారు: విప్పించాను. బయటిది 6, లోపలిది 2! కింది పిన్ను సుత్తితో కొడితే గానీ రాలేదు. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా గట్టిగా తొక్కొద్దన్నారు. ఇప్పుడు బైకుల వాళ్లకి హారన్ కొట్టాల్సి వస్తోంది.