పేరెంట్ మోడల్‌కి కట్టిన పోస్ట్_సేవ్, చైల్డ్ సేవ్ చేస్తే రావట్లేదు

ప్రశ్న: జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో 'వాహనం' మోడల్, దాన్నుంచి 'లారీ' (మల్టీ-టేబుల్ ఇన్‌హెరిటెన్స్, అంటే పేరెంట్‌కీ చైల్డ్‌కీ వేర్వేరు టేబుళ్లు). పోస్ట్_సేవ్ (సేవ్ అయ్యాక జాంగో పంపే సిగ్నల్) అందుకునే రిసీవర్ ఫంక్షన్‌కి సెండర్‌గా (సిగ్నల్ పంపే మోడల్‌గా) వాహనం ఇచ్చాను. లారీని సేవ్ చేస్తే రెండు టేబుళ్లలోనూ రో పడుతోంది, రిసీవర్ మాత్రం కదలట్లేదు. ఎర్రర్ కూడా లేదు. ఎక్కడ చూడాలండి?

జవాబు 1: ఇది బగ్ కాదండి. సెండర్ అచ్చంగా అదే క్లాసా అని మాత్రమే జాంగో చూస్తుంది, వారసత్వం పట్టించుకోదు. పేరెంట్ టేబుల్‌ని లోపల్లోపలే రాసేసి, సిగ్నల్ లారీ పేరు మీదే పంపుతుంది. ప్రాక్సీ మోడల్‌కీ (సొంత టేబుల్ లేకుండా పేరెంట్ టేబుల్‌నే వాడేది) ఇంతే. అబ్‌స్ట్రాక్ట్ బేస్‌ని (టేబులే లేని, వారసత్వం కోసమే ఉన్న క్లాస్) సెండర్‌గా పెడితే అసలెప్పటికీ రాదు.

యాప్‌కాన్ఫిగ్ రెడీ()లో (జాంగో మొదలయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) యాప్స్.గెట్_మోడల్స్() మీద లూప్ తిప్పి, ఇస్‌సబ్‌క్లాస్(మోడల్, వాహనం) ట్రూ అయిన ప్రతిదానికీ కనెక్ట్ చేయండి. పేరెంట్, ప్రాక్సీలు కూడా అందులోనే వచ్చేస్తాయి. డిస్పాచ్_యుఐడి (అదే రిసీవర్ రెండుసార్లు కనెక్ట్ కాకుండా ఆపే గుర్తు) ఇవ్వడం మర్చిపోకండి.

జవాబు 2: రిసీవర్ ఫంక్షన్‌ని రెడీ() లోపల డెఫ్ చేయొద్దు. జాంగో పట్టుకునేది వీక్ రిఫరెన్స్ (ఫంక్షన్‌ని మెమరీలో నిలిపి ఉంచదు), రెడీ() ముగిశాక ఫంక్షన్ గల్లంతే. విడిగా సిగ్నల్స్ ఫైల్లో పెట్టండి. సెండర్ తీసేసి లోపల ఇస్‌ఇన్‌స్టాన్స్ చూసినా పనవుతుంది గానీ, ప్రతి సెషన్ సేవ్‌కీ అది నడుస్తుంది. నేనైతే వద్దంటాను.

జవాబు 3: డిలీట్ తీరు వేరే. లారీని తీసేస్తే పోస్ట్_డిలీట్ లారీకీ, వాహనానికీ రెండిటికీ వస్తుంది. పై లూప్ అక్కడా వాడితే పని రెండుసార్లు జరుగుతుంది. లోడ్‌డేటాలో (ఫైల్ నుంచి డేటా ఎక్కించే కమాండ్) రా=ట్రూ వస్తే వెంటనే రిటర్న్ చేయండి, అప్పటికి పేరెంట్ రో ఉండకపోవచ్చు. క్వెరీసెట్ అప్‌డేట్()కి సిగ్నలే లేదు. బల్క్_క్రియేట్() (ఒకేసారి చాలా రోలు చేర్చేది) అయితే ఇలాంటి చైల్డ్‌ని ముట్టుకోదు, వాల్యూఎర్రర్ విసిరేస్తుంది.