క్రిమియా పోయాక కూడా యూరప్ రష్యా గ్యాస్‌ను ఎందుకు వదలలేదు?

హన్మకొండ_రూమ్:
సివిల్స్‌కు చదువుతున్నాను. రెండు రోజులుగా ఒక్క దగ్గరే ఆగిపోయాను. 2008 ఆగస్టులో రష్యా సైన్యం జార్జియాలోకి దిగింది, అక్కడి అబ్ఖాజియా, దక్షిణ ఒసేటియా ప్రాంతాలు ఇప్పటికీ దాని గుప్పిట్లోనే ఉన్నాయి. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను కలిపేసుకుంది. సరిగ్గా మరుసటి ఏడాది, 2015లో, రష్యా నుంచి జర్మనీకి సముద్రం అడుగున వేసే నార్డ్ స్ట్రీమ్-2 గ్యాస్ పైపులైన్ కోసం యూరప్ కంపెనీలు రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్‌తో సంతకాలు పెట్టాయి. ఒక చేత్తో ఆంక్షలు, ఇంకో చేత్తో పైపులు! 2021 నాటికి యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో దాదాపు 45 శాతం రష్యాదే. చవకగా వస్తుందన్న ఆశేనా, లేక వెనక ఏదైనా ఆలోచన ఉందా? నా పుస్తకంలో 'పరస్పర ఆధారం' అని ఒక్క మాట రాసి వదిలేశారు.

గోదావరిఖని_అన్న:
తమ్ముడూ, ఆలోచన ఉంది, అదీ పాతది. 1970లోనే పశ్చిమ జర్మనీ సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది: మేం పెద్ద పైపులు ఇస్తాం, మీరు గ్యాస్ ఇవ్వండి అని. 1973 నుంచి గ్యాస్ వచ్చింది. 1980ల మొదట్లో సైబీరియా పైపులైన్ వద్దని అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆంక్షలు పెట్టినా యూరప్ వినలేదు. ప్రచ్ఛన్న యుద్ధం అంత వేడిగా ఉన్నప్పుడు కూడా గ్యాస్ ఆగలేదు కాబట్టి, వ్యాపారం నడుస్తుంటే వాళ్లు మెల్లగా మారతారు, యుద్ధానికి రారు అనే నమ్మకం జర్మనీలో గట్టిపడిపోయింది.

నేను రామగుండంలో గ్యాస్ మీద నడిచే చోటే పనిచేస్తా, అందుకే ఒక తేడా చెప్తా. ఆయిల్ ఓడలో వస్తుంది, ఈ రేవు కాకపోతే ఇంకో రేవు. పైపులో వచ్చే గ్యాస్ అట్లా కాదు, అవతలి కొసన ఎవరున్నారో వాళ్లతోనే ముప్పై నలభై ఏళ్లు కాపురం.

ఇగ అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, 2006 జనవరిలో ఒకసారి, 2009 జనవరిలో మళ్లీ, ధర గొడవలో రష్యా ఉక్రెయిన్‌కు గ్యాస్ ఆపేసింది. 2009లో దాదాపు రెండు వారాలు. ఉక్రెయిన్ మీదుగానే గ్యాస్ వచ్చే బల్గేరియా, స్లొవేకియా నడి చలికాలంలో అల్లాడిపోయాయి. దాన్నుంచి జర్మనీ నేర్చుకున్నది ఏంటి? దారిలో ఉన్న ఉక్రెయిన్‌తోనే ఇబ్బంది, 2005లోనే అనుకున్నట్టు సముద్రం అడుగు నుంచి నేరుగా తెచ్చుకోవడమే మేలు అని. 2011లో నార్డ్ స్ట్రీమ్-1 మొదలైంది, ఏడాదికి 5,500 కోట్ల ఘనపు మీటర్లు. మన గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. నీళ్లు మధ్య ఊరి చెరువు దాటే కిందికి పోవాలి అన్నంత కాలం ఆ ఊరి మాటకు విలువ ఉంటుంది. పక్క నుంచి కాలువ తవ్వితే ఆ ఊరిని ఎవరూ పట్టించుకోరు. ఉక్రెయిన్‌కు జరిగింది అదే.

వినిట్సా_టు_వరంగల్:
అన్న చెప్పింది నేను కళ్లారా చూశాను. 2022లో ఉక్రెయిన్‌లోని వినిట్సాలో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నా. మేం అద్దెకుండే ఇంటి ఆంటీ జనవరి అంతా ఒకటే మాట అనేది, మా భూమిలోంచి వాళ్ల గ్యాస్ పోతున్నంత కాలం పెద్ద యుద్ధం రాదు బిడ్డా అని. జర్మనీ చాన్సలర్ షోల్జ్ నార్డ్ స్ట్రీమ్-2 అనుమతి ఆపింది ఫిబ్రవరి 22న. 24 తెల్లవారుజామున సైరన్లు మోగాయి. మేం బస్సులో రొమేనియా సరిహద్దు చేరి, ఆ చలిలో లైన్లో నిలబడ్డాం, ఇంట్లో అమ్మ వాళ్ల టెన్షన్ చెప్పలేను. ఇంటికొచ్చాక తెలిసి నా గుండె కలుక్కుమన్నది ఏంటంటే, ఉక్రెయిన్ మీద బాంబులు పడుతున్నా అదే ఉక్రెయిన్ మీదుగా రష్యా గ్యాస్ యూరప్‌కు పోతూనే ఉంది. ఒప్పందం గడువు తీరి 2025 జనవరి 1న ఆగింది. ఆ ఆంటీ నమ్మిన పైపు ఆమెను కాపాడలేదు.

కాజీపేట_లారీ:
ఆలోచన, నమ్మకం అంటూ జర్మనీని అంత తేలిగ్గా వదిలేయకండి అన్నా. ష్రోడర్ 2005 నవంబరులో చాన్సలర్‌గా దిగిపోయి, నెల తిరక్కముందే నార్డ్ స్ట్రీమ్ కంపెనీలో పెద్ద పదవికి ఒప్పుకున్నాడు. ఇంకో దారి లేదు అనేది కూడా నిజం కాదు. చిన్న దేశం లిథువేనియా 2014లోనే క్లైపెడా రేవులో ద్రవ గ్యాస్ దించుకునే ఓడ తెచ్చి కట్టుకుంది, దాని పేరే 'ఇండిపెండెన్స్'. జర్మనీ కూడా అవసరం మెడ మీదికొచ్చాక 2022 డిసెంబరుకల్లా విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో అట్లాంటి టెర్మినల్ తెరిచింది. ఏడాదిలోపు చేయగలిగిన పని ఎనిమిదేళ్లు ఎందుకు చేయలేదు?

మన సంగతి కూడా రాసుకో తమ్ముడూ. యుద్ధానికి ముందు మన ముడి చమురులో రష్యా వాటా రెండు శాతం లోపే, తర్వాత మూడో వంతు దాటింది. జీ-7 దేశాలు 2022 డిసెంబరులో రష్యా చమురు ధర మీద పెట్టిన బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి ఉద్దేశమే చమురు ఆగకుండా రష్యా ఆదాయం తగ్గించడం. అట్లాంటిది 2025 ఆగస్టులో ఆ చమురు కొన్నందుకే అమెరికా మన మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. మా ఇల్లు నడిచేది లారీ మీద, డీజిల్ ధర పెరిగితే మా పొయ్యి మీద పడుతుంది, కాబట్టి కొనొద్దని నేను అనలేను. కానీ ఆ డబ్బు ఎటు పోతుందో తెలిసి కూడా మనకు సంబంధం లేదని అనడం నాకు నచ్చదు.

హన్మకొండ_రూమ్:
అందరికీ చాలా థ్యాంక్స్. వినిట్సా అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నా. నేను 2014 నుంచి మొదలుపెడదామనుకున్నా, ఇప్పుడు 2009 జనవరి నుంచి రాస్తాను. ఇంకొక్కటి అడుగుతా. రష్యా గ్యాస్ తగ్గించడానికి యూరోపియన్ యూనియన్ 2022 జులైలో అజర్‌బైజాన్‌తో ఒప్పందం చేసుకుంది, 2027కల్లా సరఫరా రెట్టింపు చేయాలని. 2023 సెప్టెంబరులో అదే అజర్‌బైజాన్ ఆర్మేనియన్లు ఉండే నగోర్నో-కరాబాఖ్ ప్రాంతం మీద దాడి చేస్తే లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు వదిలి పోయారు. యూరప్ అప్పుడు మాటలతో ఖండించింది, గ్యాస్ ఒప్పందం మాత్రం ఆపలేదు. ఇది కూడా మళ్లీ అదే తప్పేనా? ఆ ప్రాంతం గురించి బాగా చదివినవాళ్లు ఉంటే రాయండి, ఎల్లుండి ఈ జవాబు మా సార్‌కు చూపించాలి.