అదోయిల్ గర్భం నుంచి వెలువడింది యుగమా, లోకమా?

శేషపత్రం:
స్లావోనిక్ హనోకు, అంటే హనోకు ఆకాశ ప్రయాణాన్ని చెప్పే, ప్రధానంగా స్లావోనిక్ అనువాదంలో మిగిలిన పాత గ్రంథం. దాని 25వ అధ్యాయంలోని ఒక వాక్యం నన్ను వదలడం లేదు. సృష్టి రహస్యాన్ని దేవుడు హనోకుకు స్వయంగా చెప్పే ఘట్టమది. కంటికి కనబడనివాటిలో నుంచి ఒకటి దిగివచ్చి కనబడాలని ఆజ్ఞ వెలువడుతుంది. అదోయిల్ దిగివస్తాడు. మహాకాయం, గర్భం నిండా వెలుగు. విచ్చుకొమ్మంటే విచ్చుకుంటాడు. ఆ తరువాతి మాట తెలుగులో ఎవరో చెప్పగా విన్నాను: "వెలుగులో నుంచి వెలుగు పుట్టినట్టు మహా..." అక్కడ జ్ఞాపకం తెగిపోతోంది. మహాయుగమా, మహాలోకమా? "...వెలువడి, నేను తలపోసిన సృష్టినంతా చూపించింది" అని ముగుస్తుంది. ఆ ఒక్క మాట కావాలి. హనోకు పేరుతోనే ఉన్న మరో గ్రంథం ఇథియోపియా హనోకులో ఈ ఘట్టం లేదు కాబట్టి చర్చ అటు మళ్లించవద్దని మనవి.

నిఘంటుప్రియ:
మహాయుగమే. స్లావోనిక్ మాట "వేక్". గ్రీకు "అయోన్"కు ఆ అనువాదకులు స్థిరంగా వాడింది ఆ మాటనే. అయితే మీ సందేహానికి మూలం మన బైబిల్లోనే ఉంది. హెబ్రీ పత్రిక 1:2లో "ఆయన ద్వారా ప్రపంచములను నిర్మించెను" అని చదువుతాం కదా, ఆ "ప్రపంచములు" గ్రీకులో అయోన్ బహువచనమే. స్తుతి వాక్యాల్లో అదే అయోన్ "యుగయుగములు" అవుతుంది. కాబట్టి మీకు చెప్పినవారు లోకం అని ఉన్నా దానికి ఆధారం ఉంది. నా పక్షం మాత్రం యుగం.

బెల్‌గ్రేడ్ వాసి:
నిఘంటుప్రియ గారూ, ఇక్కడ ఒక చిక్కుంది. ఈ వాక్యంలో వెలుగు, వేక్ రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. స్లావిక్ భాషల్లో వెలుగుకు "స్వెత్". రష్యన్‌లో ఆ మాటకు వెలుగు అనీ లోకం అనీ రెండర్థాలు. నేనుండే చోట సెర్బియన్‌లో లోకం ఒక్కటే మిగిలింది, వెలుగుకు "స్వెత్లోస్త్" అనాలి. ఈ గ్రంథం రాతప్రతులు రష్యన్, దక్షిణ స్లావిక్ లేఖకుల చేతుల మీదుగానే వచ్చాయి. "వెలుగులో నుంచి వెలుగు" అని రాస్తున్న లేఖకుడి చెవిలో లోకం కూడా మోగే ఉంటుంది. అందుకే పక్కనున్న వేక్‌ను కూడా అతను లోకంగానే గ్రహించాడని నా నమ్మకం. ఇది నా ఊహ, ఎవరి పుస్తకంలోనిదీ కాదు.

ఛందోభిమాని:
వెలుగు, లోకం ఒకే మాటలో ఒదిగితే పోతనను తలుచుకోకుండా ఎలా ఉండగలం? అష్టమ స్కంధం, గజేంద్రుడి మొర:

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్.

లోకాలు పోయాయి, లోకపాలకులు పోయారు, లోకవాసులు పోయారు, చీకటి ఒక్కటే మిగిలింది. దాని అవతల వెలుగు. స్లావోనిక్ హనోకు మొదటి నుంచి చెబుతున్నదాన్ని పోతన చివరి నుంచి చెప్పాడు. "అలోకంబగు" అన్నచోట లోకం లేకపోవడం, వెలుగు లేకపోవడం రెండూ పలుకుతాయి. స్వెత్‌కు తెలుగు సాటి ఇదే.

తాళపత్రం:
ఛందోభిమాని గారూ, రెండూ పలకవు. వెలుగు, చూపు అనే అర్థాలు దీర్ఘాది "ఆలోకము"కు. పోతన రాసింది హ్రస్వాది "అలోకము". కందం ఆరో గణం నలమో జగణమో కావాలి. రెండో పాదంలో "గిన, తుది, న, లో" దగ్గర లెక్క చూడండి: మొదటి గణం "లోక", రెండోది "స్థులుఁ దెగి", మూడోది "న తుది న"; మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపితే ఇదే ఆరోది. నాలుగు లఘువులు, నలం. అక్కడ "నా" అని సాగదీస్తే గణం చెడుతుంది. నాలుగో గణం "లోకం"తో మొదలై పాదాదిలోని "లో"తో యతి కుదిరింది. ఛందస్సు తేల్చిన విషయంలో శ్లేషకు చోటు లేదు.

ఛందోభిమాని:
గణం విషయంలో మీతో పేచీ లేదు, పాఠం హ్రస్వమే. నేను చెబుతున్నది ధ్వని గురించి. "వెలుగు నతని" అని చివరి పాదంలో వచ్చేసరికి, పైనున్న "అలోకం" వెలుగు లేనిదిగా మళ్లీ వినిపిస్తుంది. పద్యం ఒకసారి చదివి వదిలేసేది కాదు కదా.

తాళపత్రం:
ఆ లెక్కన హనోకుతో పోలిక కూడా కుదరదు. పోతనలో వెలుగు ఎక్కడి నుంచీ పుట్టదు, పెంజీకటికి అవతల ఉండనే ఉంది. ఇక్కడ వెలుగు అదోయిల్ గర్భంలో నుంచి రావాలి. పైగా అందరూ 25 దగ్గరే ఆగిపోయారు. 26వ అధ్యాయం చూడండి. అక్కడ రెండోవాడు వస్తాడు, అర్ఖాస్ (కొన్ని ప్రతుల్లో అరుఖాస్). బరువైనవాడు, గట్టివాడు. అతను విచ్చుకుంటే వచ్చేది కూడా వేకే. ఈసారి అది చీకటిది, అతి పెద్దది, కిందిలోకపు సృష్టినంతా మోస్తూ వస్తుంది. దాన్ని కిందికి దిగి స్థిరపడి, కిందివాటికి పునాదిగా ఉండమంటాడు దేవుడు. కాలం పునాది అవుతుందా? మోస్తుందా? వేక్‌ను యుగం అంటే 26లో అర్థం నిలవదు. లోకం అనక తప్పదు.

నిఘంటుప్రియ:
తాళపత్రం గారూ, 26 చదివినవారు 65 కూడా చదవాలి. హనోకు తన పిల్లలకు చెప్పే చివరి మాటల్లో ఇలా ఉంది: సృష్టి అంతమైనప్పుడు కాలాలు నశిస్తాయి, ఏళ్లూ నెలలూ రోజులూ గంటలూ లెక్కకు రావు, నీతిమంతులంతా కలిసి ఒకే వేక్ అవుతారు. లోకం అని పెట్టి చదవండి, ఆ వాక్యానికి ప్రాణం పోతుంది. ఏళ్లూ నెలలూ పోయాక మిగిలేది ఇంకొక రకం కాలమే. గ్రంథకర్తకు ఆదిలో వెలువడిన వేక్, అంతంలో చేరుకునే వేక్ ఒకటే. అందుకే 25లోనూ యుగం.

హెబ్రీ విద్యార్థి:
ఇద్దరికీ నమస్కారం. వేక్ మీద వాదించే ముందు అదోయిల్ పేరు తేల్చుకుంటే దారి దొరుకుతుందని నా అభిప్రాయం. చివరి "ఇల్" దేవుడనే అర్థమిచ్చే "ఏల్" అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా ముందున్న "అదో" మీద. 1896లో మార్ఫిల్ అనువాదానికి వ్యాఖ్య రాసిన చార్ల్స్ దీన్ని "యద్"గా చూశాడు, అంటే దేవుని చెయ్యి. మొదటి "య" రాలిపోయిందనుకోవాలి. 1952లో ఫ్రెంచి పరిష్కర్త వాయాన్ "అద్" అనే మాట పట్టుకున్నాడు, హెబ్రీలో శాశ్వతత్వం, అనంతకాలం. చివరి "ఓ" అతని లెక్కలో "ఆయనది" అనే ప్రత్యయం. క్విస్పెల్ అనే పండితుడు దాన్ని "అదోనాయ్" (ప్రభువు) అన్నాడు.

నాకు వాయాన్ మాటే బలంగా తోస్తోంది. ఒక్క "ఓ" కారానికి లెక్క చెప్పగలిగింది ఆయనే. చార్ల్స్ మార్గంలో "యదేల్" రావాలి, మధ్యలో "ఓ" ఎక్కడిది? అదోయిల్ అంటేనే "ఆయన అనంతకాలం" అయితే, అతని గర్భంలో నుంచి వచ్చే వేక్ ఆ పేరుకు గ్రంథకర్త చెప్పిన వ్యాఖ్య. అప్పుడు యుగమే గెలుస్తుంది.

బెల్‌గ్రేడ్ వాసి:
హెబ్రీ విద్యార్థి గారూ, అలా అనాలంటే మూలం హెబ్రీ అని ముందుగా ఒప్పుకోవాలి. ఇదే గ్రంథానికి పెద్దది, చిన్నది అని రెండు పాఠాలున్నాయి. పెద్ద పాఠం 30వ అధ్యాయంలో ఆదాము పేరు నాలుగు దిక్కుల నుంచి పుట్టిస్తాడు: తూర్పుకు అనతోలే, పడమరకు దుసిస్, ఉత్తరానికి ఆర్క్తోస్, దక్షిణానికి మెసెంబ్రియా. తొలి అక్షరాలు కలిపితే ఆదాము. ఇది గ్రీకులో తప్ప సాగదు. హెబ్రీలో ఆ దిక్కుల పేర్లు పెట్టి చూడండి, ఆదాము రాడు.

హెబ్రీ విద్యార్థి:
దిక్కుల ముచ్చట పెద్ద పాఠంలోది. చిన్న పాఠమే పాతదనీ, పెద్దది తరువాతి చేతుల పెంపకమనీ వాయాన్ వాదన. ఒక గ్రీకు చమత్కారం చేరినంత మాత్రాన పేర్లన్నీ గ్రీకువి కావు. స్లావోనిక్‌లో మాత్రమే మిగిలిన అబ్రాహాము ప్రకటన అనే గ్రంథం చూడండి. 14వ శతాబ్దపు సిల్వెస్టర్ ప్రతి దానికి ప్రధానాధారం. అందులో అబ్రాహాము తండ్రి తెరహు చెక్కిన చెక్క దేవుడి పేరు బరిసాత్. అరమాయిక్‌లో "బర్ ఎష్తా", అగ్నిపుత్రుడు. వంట పొయ్యి దగ్గర నిలబెట్టి మంట ఆరకుండా చూడమని అబ్రాహాము ఆ దేవుడికి అప్పగిస్తాడు. తిరిగి వచ్చేసరికి దేవుడే కాలిపోతుంటాడు. ఆ పేరులోని చమత్కారం స్లావోనిక్ పాఠకుడికి అందదు, గ్రీకు పాఠకుడికీ అందదు. అయినా రెండు అనువాదాలు దాటి అక్షరాలు బతికాయి. అదోయిల్ కూడా అలా బతికిన పేరే.

శేషపత్రం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ గ్రంథానివే కొప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల పాత భాష) ముక్కలు దొరికాయని విన్నాను. అవేమైనా తేలుస్తాయా?

తాళపత్రం:
తేల్చవు. 1972లో నూబియాలో, నాసర్ సరస్సు మధ్య మిగిలిన కస్ర్ ఇబ్రీమ్ దుర్గంలో దొరికాయి. అవి ఈ గ్రంథానివని పరిశోధకుడు యోస్ట్ హాగెన్ గుర్తుపట్టి ప్రకటించింది 2009లో. ఉన్నది 36 నుంచి 42 వరకు, అదీ చిరుగులతో. 25, 26 అధ్యాయాలు లేవు. కానీ ఒక మేలు చేశాయి. ఇది స్లావ్ నేల మీద పుట్టిన గ్రంథమని, బొగొమిల్ అనే మధ్యయుగపు బాల్కన్ క్రైస్తవ శాఖవారి కల్పన అని 1918లో మౌండర్ గారు వాదించారు. కొప్టిక్ పాఠం బయటపడ్డాక ఆ వాదానికి నిలబడే నేల లేదు. ఆ ముక్కలు చిన్న పాఠానికి దగ్గరగా ఉండటం వాయాన్ పక్షానికి బలం.

మరో సంగతి. మన బైబిల్ అనువాదకులు "ఎనోకు" అనకుండా హెబ్రీకి దగ్గరగా "హనోకు" అని ఉంచారు. ఆదికాండం 5:24 ఎవరైనా బిగ్గరగా చదివి చూడండి: "హనోకు దేవునితో నడిచిన తరువాత దేవుడతని తీసికొనిపోయెను గనుక అతడు లేకపోయెను." చనిపోయెను అనలేదు. "లేకపోయెను" అన్న ఆ ఒక్క క్రియలో నుంచే ఈ ఏడు ఆకాశాల ప్రయాణమంతా పుట్టింది. తెలుగు వచనంలో నాకు ఇంత ఇష్టమైన క్రియ మరొకటి లేదు.

ఛందోభిమాని:
తాళపత్రం గారూ, ఈ మాటకు మాత్రం మీకు నూరు దండాలు. అదే వరుసలో మెల్కీసెదెకు. "తండ్రిలేనివాడును తల్లిలేనివాడును" అని హెబ్రీ పత్రిక 7:3. స్లావోనిక్ హనోకు చివర ఈ మాటకు సగం కథ ఉంది. నోవహు తమ్ముడు నీర్, అతని భార్య సోపానిమ్. గొడ్రాలు, ముసలిది. భర్త ప్రమేయం లేకుండా గర్భం దాలుస్తుంది, నీర్ నిలదీస్తే పాదాల మీద పడి ప్రాణం విడుస్తుంది. ఆ మృతదేహం నుంచి మూడేళ్ల పిల్లవాడిలా ఎదిగి, బట్టలు కట్టుకుని, రొమ్ము మీద యాజకత్వ ముద్రతో మెల్కీసెదెకు వస్తాడు. ఈ గ్రంథంలో గర్భాలన్నీ ఇలాంటివే. అదోయిల్ విచ్చుకుని పోతాడు, వెలుగు మిగులుతుంది. సోపానిమ్ పోతుంది, యాజకుడు మిగులుతాడు. కనుక 25లో పుట్టినదాన్ని బిడ్డగా చూడాలి, కాలంగానో చోటుగానో కాదు.

నిఘంటుప్రియ:
బాగుంది. అలాగైతే మూడో మాట చెప్పనా? ఆయువు. గ్రీకు అయోన్, సంస్కృత ఆయుస్సు ఒకే ధాతువు పిల్లలు. హోమర్‌లో అయోన్ అంటే యుగం కాదు, మనిషిలోని జీవం. రష్యన్‌లో ఈ రోజుకీ ఒక మనిషి బతికినంత కాలాన్ని వేక్ అంటారు. గర్భంలో నుంచి వచ్చేది ఆయువు. చీకటి గర్భంలో నుంచి కిందిలోకాలకు వచ్చేదీ ఆయువే.

తాళపత్రం:
మహదాయువు పునాది కాదు. 26 అక్కడే ఉంది.

బెల్‌గ్రేడ్ వాసి:
26కు జవాబు యుగంలోనే ఉంది. సంస్కృతంలో యుగమంటే కాడి కూడా. ఎద్దుల మెడ మీద నిలిచి బండిని లాగించే కాడి. కిందిలోకాల సృష్టిని మోసుకొచ్చేది కాడి కాక మరేమిటి? యుగం అంటే 25, 26, 65 మూడూ ఒకే మాటతో గట్టెక్కుతాయి. మరే భాషకూ లేని వెసులుబాటు ఇది.

హెబ్రీ విద్యార్థి:
వెసులుబాటు మనకుంది, స్లావోనిక్‌కు లేదు. వేక్‌కు కాడి అనే అర్థం లేదు. ఇంకో అడ్డంకి కూడా ఉంది. తెలుగు పాఠకుడికి మహాయుగం అనగానే 43,20,000 సంవత్సరాలు. కృతయుగం మొదలు కలియుగం దాకా లెక్క కట్టిన కాలం. ఏళ్లూ నెలలూ నశించాక మిగిలేదాన్ని అంకెలున్న మాటతో ఎలా పిలుస్తాం? మహాకల్పమన్నా అదే ఇబ్బంది.

నిఘంటుప్రియ:
మహాయుగం లెక్క పంచాంగానిది. యుగయుగములు అని పాడే సంఘాల్లో ఎవరూ ఏళ్లు లెక్కపెట్టరు. ఒకే మాట రెండు ఇళ్లలో కాపురం చేయగలదు.

తాళపత్రం:
పాడేది "యుగయుగములు". "మహాయుగం" అని పాడే కీర్తన నేను వినలేదు. ఆ "మహా" దగ్గరే పంచాంగం లోపలికి వస్తుంది. ఈ స్లావోనిక్ పాఠానికి సొకొలోవ్ పరిష్కరించిన 1910 ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే 25, 26 అధ్యాయాల్లో వేక్ ఉన్న వాక్యాలు, కింద ఇచ్చిన పాఠభేదాలతో సహా, ఇక్కడ తెలుగు లిపిలో దించండి. వేక్ పక్కన "గొప్ప" అనే విశేషణం ఏ ప్రతుల్లో ఉందో, ఏ ప్రతుల్లో లేదో చూడాలి. విశేషణం లేని ప్రతి ఉంటే "మహా" తీసేద్దాం.

ఛందోభిమాని:
తీసేస్తే "వెలుగులో నుంచి వెలుగు పుట్టినట్టు యుగం వెలువడి" అవుతుంది. చదివి చూడండి, వాక్యం నడక కుంటుతోంది. "మహా" ఉండాలి.