ఏడాదిలో మంటలు ఇన్నేనా? మిగతా రోజులు ఫైర్ స్టేషన్‌లో ఏం చేస్తారు?

గోడమీదపిల్లి:

అందరికీ నమస్తే. మా ఏరియా ఫైర్ డిపార్ట్‌మెంట్ ఏడాది రిపోర్టు మొన్న కూర్చుని చదివాను, చదివాక అనుమానం తీరకపోగా ఇంకా పెరిగింది. మొత్తం కాల్స్‌లో భవనాలకు నిప్పంటుకున్నవి చాలా తక్కువ. మిగతావన్నీ యాక్సిడెంట్లు, లిఫ్ట్‌లో ఇరుక్కున్నవాళ్లు, కూలిన చెట్లు, తప్పుడు అలారాలు, ఆపైన "ప్రత్యేక సేవలు" అని గంపగుత్తగా వేసిన ఒక లెక్క. నేను వాళ్లను తక్కువ చేసి మాట్లాడట్లేదు, తిట్టకండి, నిజంగా తెలీకే అడుగుతున్నా. మంటలే అన్ని తక్కువైనప్పుడు ఇంతమంది మనుషులు, ఇన్ని బండ్లు, రాత్రీ పగలూ షిఫ్టులు ఎందుకు? కాల్ రాని రోజు అక్కడ అసలు ఏం జరుగుతుంది? ఇలాంటి రిపోర్టులో ఏ అంకె చూస్తే వీళ్లు బాగా పనిచేశారో లేదో తెలుస్తుంది? ఇదే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగితే ఒకాయన "క్యారమ్స్ ఆడుకుంటారు" అన్నాడు, ఇంకొకాయన ఆయనతో గొడవకు దిగాడు, నాకు మాత్రం జవాబు రాలేదు.

పాతహెల్మెట్:

క్యారమ్స్ ఆడతాం తమ్ముడూ, ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. రాత్రి రెండింటికి కూడా ఆడిన రోజులున్నాయి. చాలా ఏళ్లు సర్వీసు చేసి బయటికొచ్చినవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదువు.

షిఫ్ట్ మారగానే మొదటి పని బండి, సామాను చూసుకోవడం. అందులోనూ ముందు బీఏ సెట్, అంటే వీపున వేసుకునే గాలి సిలిండర్, దాని మాస్క్. మాస్క్ మొహానికి పెట్టుకుని, సిలిండర్ వాల్వ్ కట్టేసి, లోపల మిగిలిన గాలి పీల్చేస్తాం. మాస్క్ బుగ్గలకు అతుక్కుపోయి ఇక ఊపిరి రాకూడదు. వస్తోందంటే ఎక్కడో లీకుంది, లోపలికి పొగ కూడా అలాగే వస్తుంది. గడ్డం గీసుకోకపోతే ఆ సీల్ సరిగ్గా పట్టదు, అందుకే స్టేషన్లో గడ్డం మీద అంత పట్టుదల, అందం కోసం కాదు. ఇక గాలి లెక్క. మామూలుగా వాడే 6.8 లీటర్ల సిలిండర్‌ని 300 బార్ ప్రెషర్‌కి నింపితే సుమారు 2000 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున కాగితం మీద 50 నిమిషాలు. పొగలో హోస్, అంటే నీళ్ల పైపు లాక్కుంటూ మెట్లెక్కే మనిషి అంతకు రెట్టింపు పీల్చేయగలడు. గేజ్ 55 బార్ చుట్టుపక్కలకి రాగానే విజిల్ మొదలవుతుంది, అది మోగాక బయల్దేరడం కాదు, మోగేసరికి బయట ఉండేలా లెక్కేసుకుని వెనక్కి తిరగాలి. ఈ లెక్క పొగలో కూర్చుని వేసేది కాదు, ఖాళీ రోజుల్లో వేసి వేసి ఒంటికి పట్టించుకోవాల్సింది.

తర్వాత నీళ్లు. బండిలో 2000 లీటర్ల ట్యాంకు ఉందనుకో. ఒక హోస్ లైను నిమిషానికి 500 లీటర్లు లాగితే నాలుగు నిమిషాలకి ట్యాంకు ఖాళీ. ఆ నాలుగు నిమిషాల్లో ఇంకొకడు హైడ్రెంట్‌కి, అంటే మంటల కోసం రోడ్డు పక్కన పెట్టే నీళ్ల కనెక్షన్‌కి కలపాలి. ఆ హైడ్రెంట్ ఎక్కడుంది, మూత తుప్పు పట్టి బిగుసుకుపోయిందా, రోడ్డు వేసేవాళ్లు దాన్ని కప్పేశారా, తిప్పితే నీళ్లొస్తాయా, వస్తే ఎంత ప్రెషర్‌తో? ఇదంతా ముందే వెళ్లి చూసి రాసుకున్నవాడికే ఆ నాలుగు నిమిషాలు సరిపోతాయి. లేనివాడు బండి చుట్టూ పరిగెత్తుతుంటాడు, జనం "నీళ్లు లేకుండా వచ్చార్రా" అని తిడతారు. అవి అయిపోయాయంతే, లేకుండా రాలేదు.

వాడిన హోస్ ప్రతిదీ కడగాలి, ఆరేయాలి, ఏడాదికోసారి ప్రెషర్ పెట్టి పరీక్షించాలి. నిచ్చెనలు, తాళ్లు, పంపు అన్నిటికీ ఇలాంటి లెక్కలే. పెద్ద భవనాలకు వెళ్లి మెట్లు ఎటున్నాయి, గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, కరెంటు మెయిన్ ఎక్కడ అని చూసి రావడం ఇంకో పని. ఆపైన డ్రిల్. కళ్లకు గంతలు కట్టి గదిలోకి పంపుతారు, ఒక చెయ్యి గోడ వదలకూడదు, రెండో చేత్తో, కాళ్లతో మంచం కింద, తలుపు వెనక తడుముకుంటూ పోవాలి. ముఖ్యంగా తలుపు వెనక. భయపడ్డ పిల్లలు దాక్కునేది అక్కడా, అల్మారాల్లో, మంచాల కిందే.

లెక్కలపిచ్చోడు:

అన్నా, చెప్పినవన్నీ బాగున్నాయి, కానీ ప్రశ్న అలాగే ఉంది. సామాను తుడవడానికి, హైడ్రెంట్ మూతలు చూడటానికి ఇంతమంది ఫుల్ టైమ్ జీతగాళ్లు కావాలా? జర్మనీలో ఫైర్ సర్వీసు ఎక్కువ భాగం వాలంటీర్ల మీదే నడుస్తుంది, సుమారు 10 లక్షల మంది. అమెరికాలో కూడా సగానికి పైగా వాలంటీర్లే. వాళ్ల ఊళ్లు కాలిపోవట్లేదు కదా.

కంట్రోల్‌రూమ్‌రాత్రి:

మంటల వాటా తక్కువ అన్నది మీ ఒక్క రిపోర్టులో విషయం కాదండీ. అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చే కాల్స్‌లో నిజమైన మంటలు నూటికి నాలుగైదే, ఎక్కువ భాగం మెడికల్ కాల్స్. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద వాటా తప్పుడు అలారాలది, నూటికి 40 దాకా ఉంటుంది. కాబట్టి "మంటలెన్ని" అన్న అంకెతో సిబ్బంది ఎంతమంది కావాలో తేల్చలేం. తేల్చేది టైమ్.

ఈ టైమ్ దగ్గరే రిపోర్టుల్లో కొంచెం మాయ జరుగుతుంది. "సగటు స్పందన సమయం" అని ఒక అంకె వేస్తారు. మీరు అడగాల్సినవి రెండు. ఒకటి, గడియారం ఎక్కడ మొదలైంది? ఫోన్ మోగినప్పుడా, నేను అడ్రస్ రాసుకుని స్టేషన్‌కి చెప్పినప్పుడా, బండి గేటు దాటినప్పుడా? మూడూ వేర్వేరు. నేను ఫోన్లో గడిపే టైమ్ ఒకటి, వాళ్లు సూట్ వేసుకుని బండెక్కే టైమ్ ఒకటి, రోడ్డు మీద టైమ్ ఒకటి. బండి గేటు దాటినప్పటి నుంచి లెక్కేస్తే ఎవరైనా హీరోలే. రెండోది, సగటు వద్దు, పదింట్లో తొమ్మిది కాల్స్‌కి ఎంతలోపు చేరారో చెప్పమనండి. స్టేషన్ పక్కనున్న వీధికి నిమిషంలో వెళ్లి, చివరి కాలనీకి ఇరవై నిమిషాలు పట్టినా సగటు చక్కగానే కనిపిస్తుంది. అమెరికాలో ఫుల్ టైమ్ డిపార్ట్‌మెంట్లు పెట్టుకునే ప్రమాణం కూడా ఇలాగే ఉంటుంది: మంట కాల్ అయితే సిద్ధమై కదలడానికి 80 సెకన్లు, మొదటి బండి చేరడానికి ప్రయాణం 240 సెకన్లు, అదీ పదింట్లో తొమ్మిది సార్లు.

ఫోన్ చేసేవాళ్ల గురించి ఒక్క మాట. "త్వరగా రండి" అని నాలుగు సార్లు అంటారు, ఎక్కడికో చెప్పరు. అడిగితే "ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, ముందు బండి పంపండి" అని అరుస్తారు. నేను ప్రశ్నలు అడుగుతుండగానే పక్క సీటులోని మనిషి బండి పంపేస్తుంటాడు, ఆ సంగతి మీకు కనపడదు. అడ్రస్, దగ్గర్లో ఒక గుర్తు, లోపల మనుషులున్నారా, ఇవి చెప్పి లైన్లో ఉండండి చాలు.

పాతహెల్మెట్:

@లెక్కలపిచ్చోడు, వాలంటీర్లను ఎవరూ తీసిపారేయట్లేదు, చాలా చోట్ల వాళ్లే దిక్కు. కాల్స్ తక్కువ వచ్చే చోట అదే సరైన పద్ధతి కూడా. కాకపోతే వాళ్లూ డ్రిల్‌కి రావాలి, వాళ్ల సామానూ ఎవరో ఒకరు చూడాలి, పైగా ఇంట్లోంచో పనిలోంచో స్టేషన్‌కి చేరుకుని అప్పుడు బండెక్కాలి. ఆ పోయే నిమిషాల ఖరీదు ఇదివరకటి కన్నా ఇప్పుడు చాలా ఎక్కువ. చెక్క, పత్తి సామానుతో పాతకాలపు గది ఒకటి, ఫోమ్ సోఫా, సింథటిక్ కర్టెన్లతో ఇప్పటి గది ఒకటి కట్టి రెండూ అంటించి చూసిన ప్రయోగాలున్నాయి. ఇప్పటి గది నాలుగు నిమిషాల లోపే మొత్తంగా భగ్గుమంది, పాతదానికి అరగంట దగ్గర పట్టింది. దాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటాం. పైకప్పు కింది పొగ 600 డిగ్రీల దాకా వేడెక్కాక గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఒకేసారి అంటుకుంటుంది. అది అయ్యాక ఆ గదిలో ఎవర్నీ కాపాడలేం, సూట్ వేసుకున్న మేమూ నిలవలేం. అందుకే పడుకునేటప్పుడు గది తలుపు మూసుకోమని చెప్తాం. మూసిన మామూలు తలుపు కూడా పొగను, వేడిని కొన్ని నిమిషాలు ఆపుతుంది, మాకు ఆ కొన్ని నిమిషాలే కావాలి.

అలారంప్యానెల్:

తప్పుడు అలారాల వైపు నుంచి నేను చెప్తా, భవనాల మెయింటెనెన్స్ నా పని. డిటెక్టర్‌కి పొగకి, వేడినీళ్ల ఆవిరికి, గోడ గీకిన దుమ్ముకి తేడా అంతగా తెలీదు. పురుగు లోపలికి దూరినా మోగుతుంది. బాత్రూమ్ తలుపు ఎదురుగా, స్టవ్‌కి దగ్గరగా స్మోక్ డిటెక్టర్ పెట్టి, తర్వాత "ఊరికే మోగుతోంది" అంటారు. స్టవ్ ఉన్న చోట వేడిని పట్టే రకం పెట్టాలి. ఇంతకుముందు నేను చేసిన ఒక భవనంలో పెయింటింగ్ పని కోసం డిటెక్టర్లకు ప్లాస్టిక్ మూతలు తొడిగారు. పెయింటర్లు వెళ్లి నెలలైంది, మూతలు అలాగే ఉన్నాయి. నేను మెట్ల దగ్గర తలెత్తి చూస్తే ఎర్రటి మూతలు వరసగా, ప్యానెల్ మీద మాత్రం అంతా పచ్చ లైటే. కమిటీవాళ్లకు చెప్తే "మోగట్లేదు కదా, మంచిదే కదా" అన్నారు, ఏమంటాం.

అసలు నష్టం బండి డీజిల్ కాదండీ. తప్పుడు కాల్‌కి వెళ్లిన బండి అదే టైమ్‌లో వచ్చిన నిజం కాల్‌కి దొరకదు. పైగా రోజూ మోగే అలారానికి జనం మెట్లు దిగడం మానేస్తారు.

గోడమీదపిల్లి:

ఆ ఎర్ర మూతలు మా బిల్డింగ్‌లో కూడా చూసిన గుర్తు, రేపే చూస్తా. మరి ఆ "ప్రత్యేక సేవలు"? పిల్లులు, పాములేనా?

తాడుకట్టు:

అవీ ఉంటాయి బ్రో, కానీ పేరు చూసి తేలిగ్గా తీసుకోకు, రెస్క్యూలో ఉన్నవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేవి అందులోనే ఉంటాయి. నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది మ్యాన్‌హోల్, ట్యాంకు కాల్స్. ఒకడు లోపల పడిపోతాడు, వాణ్ని తీద్దామని రెండోవాడు దిగుతాడు, వాణ్ని చూసి మూడోవాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకి ఆ వాసనే తెలీకుండా పోతుంది, దాంతో "వాసన పోయింది, దిగొచ్చు" అనుకుంటారు. మేం వెళ్లగానే ముందు మీటర్ తాడుకి కట్టి పైన, మధ్యలో, అడుగున రీడింగ్ తీస్తాం. చుట్టూ ఉన్నవాళ్లు "మనిషి చస్తుంటే కొలతలేంటి" అని మీద పడతారు. కొలవకుండా దిగితే మమ్మల్ని తీయడానికి ఇంకో బండి రావాలి.

రోడ్డు యాక్సిడెంట్లలోనూ అంతే. కారు కదలకుండా కింద చెక్క దిమ్మలు పెట్టి బిగించాలి, బ్యాటరీ తీయాలి, విచ్చుకోని ఎయిర్‌బ్యాగ్ ఎటుందో చూడాలి, లోపలి మనిషికి దుప్పటి కప్పాలి, అప్పుడు కట్టర్. ఎలక్ట్రిక్ బండి అయితే నారింజ రంగు కేబుల్ జోలికి పోకూడదు, బ్యాటరీ అంటుకుని ఆరినా గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ రాజుకుంటుంది, అందుకే దాన్ని వేరే బండ్లకు దూరంగా పెట్టించి వస్తాం. ఇందులో ఏదీ రిపోర్టులో ఒక గీత కన్నా ఎక్కువ ఉండదు.

రిపోర్టులో అస్సలు కనపడనిది ఇంకోటి. అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్‌ఫైటర్ల విషయంలో చాలా ఏళ్లుగా పెద్ద కారణం గుండెపోటు, మంట కాదు. క్యాన్సర్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ పనినే క్యాన్సర్ కలిగించే వాటి మొదటి గ్రూపులో పెట్టింది. ఒకప్పుడు మసి పట్టిన సూట్ గొప్పగా చూపించుకునేవాళ్లు. ఇప్పుడు స్పాట్‌లోనే కడుక్కుని, సంచిలో కట్టి, వేరేగా ఉతికిస్తున్నాం. ఆ ఉతుకుడు కూడా నువ్వడిగిన ఖాళీ రోజుల పనే.

లెక్కలపిచ్చోడు:

సరే, ఒప్పుకుంటున్నా, కానీ సగమే. ఖాళీ టైమ్‌లో ఇవన్నీ నిజంగా చేస్తున్నారని రిపోర్టులో ఎక్కడైనా ఉండాలి కదా. హైడ్రెంట్లు ఎన్ని చూశారు, ఎన్ని పనిచేయట్లేదు, డ్రిల్ ఎన్ని గంటలు? అవి వేయకుండా బడ్జెట్ అడిగితే జనానికి అనుమానం రాదా?

కంట్రోల్‌రూమ్‌రాత్రి:

ఇది మాత్రం న్యాయమైన మాట. దానికి ఇంకోటి కలపండి: మంట మొదలైన గదిలోనే ఆగినవి ఎన్ని, పక్క గదులకు, పక్క ఇళ్లకు పాకినవి ఎన్ని. పిల్లి గారూ, మీరు అడిగిన "ఏ అంకె చూడాలి"కి నా జవాబు ఇదే, దీంతోపాటు పదింట్లో తొమ్మిది కాల్స్ టైమ్. వేయకపోతే రాసి అడగండి. ఆ వివరాలు చాలావరకు మా దగ్గర నమోదై ఉంటాయి, అడిగేవాళ్లు లేక టేబుల్ వేయరు.

పాతహెల్మెట్:

రాసే ముందు ఒకసారి స్టేషన్‌కే వెళ్లు తమ్ముడూ. ముందు చెప్పి వెళ్తే చాలా చోట్ల బండి ఎక్కించి మరీ చూపిస్తారు, మాస్క్ పెట్టుకుని చూడమంటారు కూడా. నీ బండి మాత్రం గేటుకి అడ్డంగా పెట్టకు.