పాత ఫియట్‌లో ఒరిజినల్ రేడియో ఉంచాలా, పీకేయాలా?

పద్మిని_76
నా దగ్గర 1976 ప్రీమియర్ పద్మిని ఉంది, నాన్నగారిది. ఇంజను పని, టింకరింగు, పెయింటు అన్నీ అయ్యాయి. మిగిలింది డ్యాష్‌బోర్డులో ఉన్న మీడియం వేవ్ రేడియో. రెండు గుండీలు, మధ్యలో ముల్లు, అంతే. మెకానిక్ దాన్ని పీకేసి బ్లూటూత్ సెట్ పెడదామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

అప్పట్లో రేడియో పెడితే పాట వచ్చేది, మాట వచ్చేది, ఎవడూ మనకు ఏదీ అమ్మేవాడు కాదు. ఇప్పటి ఎఫ్ఎం పెట్టండి. రెండు పాటలు, మిగతాదంతా ఫ్లాట్లు, నగలు, కోచింగ్ సెంటర్లు. స్వతంత్రంగా, ప్రశాంతంగా ఉండే రేడియో పోయింది. నిదానంగా నడిచే కారూ పోయింది. రెండింటినీ చంపింది ఒకటే జబ్బు, అమ్మకం జబ్బు. మీరేమంటారు?

బెంజిసర్కిల్
ఉంచండి సార్. ఒకసారి పీకితే మళ్లీ దొరకదు.

కండెన్సర్_మూర్తి
పీకకండి. కారణం వేరే ఉంది. 2021లో వింటేజ్ వాహనాలకు నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. బండి అసలు రూపంలో ఉండాలి. మీ కారు ఆ గీత దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు బ్లూటూత్ పెట్టి చెడగొట్టుకోకండి.

ఇక గరగర శబ్దం వస్తోందని మెకానిక్ అంటే, అది రేడియో తప్పు కాదు. ఇగ్నిషన్ కాయిల్ దగ్గర ఆ గరగరను అణిచే సప్రెషన్ కండెన్సర్ ఉందో లేదో చూడమనండి. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా మీడియం వేవ్‌లో చిటపటలు వస్తాయి. సిగరెట్ లైటర్‌లో చవకరకం మొబైల్ చార్జర్ పెట్టినా అంతే.

మైకు_మానేశా
నేను ఒక ప్రైవేటు ఎఫ్ఎంలో ఆర్జేగా చేసి బయటికొచ్చినవాణ్ని. పద్మిని గారూ, మీ జ్ఞాపకం తీయగానే ఉంది గానీ నిజం కాదు. వివిధ భారతి 1957 అక్టోబరులో మొదలైంది, 1967లోనే ప్రకటనలు తెచ్చుకుంది. మీ కారు పుట్టేనాటికి రేడియోలో సబ్బులూ పళ్లపొడులూ బ్రహ్మాండంగా అమ్ముడుపోతున్నాయి.

పద్మిని_76
నేను చెప్పింది వివిధ భారతి గురించి కాదు. విజయవాడ కేంద్రం, 837 కిలోహెర్ట్జ్. పొద్దున భక్తిరంజని, మధ్యాహ్నం వార్తలు, ఆదివారం ఉషశ్రీ గారి గొంతు. అందులో ప్రకటన ఎక్కడుంది, చూపించండి.

మైకు_మానేశా
1980లలో విజయవాడ లాంటి ప్రైమరీ ఛానళ్లలోనూ ప్రకటనలు వచ్చాయి. అంతకుముందు ఎందుకు లేవంటే మీ ఇంట్లోవాళ్లు ఏటా పోస్టాఫీసుకెళ్లి రేడియో లైసెన్సు డబ్బు కట్టేవారు కాబట్టి. మిగతాది సర్కారు పెట్టేది. ఊరికే రాలేదు.

‘స్వతంత్ర రేడియో’ అన్న మాట మాత్రం దయచేసి వాడకండి. ఎమర్జెన్సీలో ఆలిండియా రేడియోను జనం ఆల్ ఇందిరా రేడియో అనేవాళ్లు. ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం 1990లో చేసి 1997 దాకా అమల్లో పెట్టలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1952 తర్వాత కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు సినిమా పాటలు మన చెవికి మంచివి కావని ఆకాశవాణిలో దాదాపు ఆపేశారు. జనమంతా రేడియో సిలోన్‌కి వెళ్లిపోయారు. ఆ సిలోన్ దేనిమీద నడిచింది? ప్రకటనల మీద! తెలుగువాళ్లకు కావలసిన పాట వేసింది కొలంబోలో ప్రకటనలు అమ్ముకునే రేడియో, వద్దన్నది ఢిల్లీలో ప్రకటనలు లేని రేడియో. ఇందులో మీరన్న అమ్మకం జబ్బు ఎవరికి ఉన్నట్టు?

పల్నాటి_పిల్లోడు
సిలోన్ అనగానే అక్కడ తెలుగు కార్యక్రమాలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారు గుర్తొచ్చారు. ఆ తెలుగే వేరు.

కండెన్సర్_మూర్తి
సిలోన్ షార్ట్ వేవ్‌లో వచ్చేది. పద్మిని గారి సెట్‌లో మీడియం వేవ్ ఒక్కటే. కాబట్టి ఈ చర్చకు సిలోన్ సంబంధం లేదు.

మైకు_మానేశా
మూర్తిగారూ, అయ్యా!

ఎడిసన్_రావు
న్యూజెర్సీ నుంచి. మీరిద్దరూ సర్కారు లేదా వ్యాపారం అన్నట్టు మాట్లాడుతున్నారు, మూడో దారి ఒకటుంది. ఇక్కడ జెర్సీ సిటీలో డబ్ల్యూఎఫ్ఎంయూ అని 91.1లో వస్తుంది. 1958లో ఒక కాలేజీ రేడియోగా మొదలైంది. ఆ కాలేజీ 1995లో మూతపడింది, రేడియో మాత్రం బతికింది. ప్రకటనలు లేవు. ఏటా వినేవాళ్లను చందా అడుగుతారు, ఆ డబ్బుతోనే నడుస్తుంది. ఏ పాట వేయాలో అక్కడ కూర్చున్న మనిషే నిర్ణయిస్తాడు. ఒకడు అరగంట పాటు ఏదో రైలు శబ్దం వేశాడు, నేను తిట్టుకుంటూ విన్నాను. అయినా చందా కడతాను.

మైకు_మానేశా
రావుగారూ, మీరు డాలర్లలో కడతారు. ఇక్కడ పాట వినడానికి ఎవడు కడతాడు? నా అనుభవం చెప్తాను. మా స్టేషన్‌లో పాటల జాబితా వేరే నగరంలోని హెడ్డాఫీసు నుంచి వచ్చేది. గంటకు నేను మాట్లాడే నిమిషాలు కూడా వాళ్లే కొలిచేవాళ్లు. ప్రకటనలు తగ్గిన ఏడాది మొదట పోయింది మా ఉద్యోగాలే. అందుకే చెప్తున్నా, ప్రకటన ఉన్నంత కాలమే నాకు జీతం వచ్చింది. ప్రకటనను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పద్మిని_76
మీ ఉద్యోగం పీకింది ప్రకటనలు అమ్మేవాళ్లే కదా. వాళ్లనే మీరు వెనకేసుకొస్తున్నారు!

ఝరాసంగం_జొన్న
న్యూజెర్సీ దాకా ఎందుకన్నా, మా దగ్గరికి రండి. జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది, 90.4. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లది. 2008 అక్టోబరు 15న మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల సొత్తు అని 1995లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు ఆ బెంచీలో ఉన్నది ఆయనే. నడిపేది ఊరి ఆడవాళ్లు, దళిత మహిళలు. వాళ్లలో ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరిని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకరిని అల్గోల్ నర్సమ్మ అంటారు. సాయంత్రం పొలం పనులయ్యాక రెండు గంటల కార్యక్రమం. విత్తనాలు, పశువుల రోగాలు, పెళ్లిపాటలు.

పద్మిని అన్న చెప్పిన విజయవాడ రేడియోలో మా అమ్మ మాట ఎప్పుడన్నా వచ్చిందా? రాదు. ఆమె యాస రేడియోకు పనికిరాదు. మా ఇంట్లో అందరం ప్రశాంతంగానే విన్నాం, అర్థమయ్యేది సగమే.

బెంజిసర్కిల్
ఇది ప్రాంతాల గొడవ చేయకండి.

ఝరాసంగం_జొన్న
ప్రాంతం కాదన్నా. మైకు ఎవరి ముందు పెట్టారన్నది.

పద్మిని_76
సంఘం రేడియో మంచిదే, ఒప్పుకుంటాను. కానీ నేను మాట్లాడేది ఒక అనుభవం గురించి. కిటికీ అద్దం దించి, స్టీరింగు పక్కనున్న గేరు నెమ్మదిగా వేసుకుంటూ, పక్కన రేడియో. ఆ నిదానం, ఆ ప్రశాంతత ఆ రోజుల్లో అందరికీ ఉండేవి.

స్టీరింగు_కొడుకు
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. ‘అందరికీ’ అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర అంబాసిడర్ నడిపేవాడు. పవర్ స్టీరింగు లేదు, ఏసీ లేదు, ఇంజను వేడంతా కాళ్లమీదికే. హెడ్‌లైటు డిమ్ చేయాలన్నా ఎడమకాలితో కింద మీట నొక్కాలి. మే నెలలో రెంటచింతల మీదుగా మాచర్ల వెళ్లొస్తే ఇంటికొచ్చి మాట్లాడేవాడు కాదు. మీ నిదానం వెనక సీట్లోది.

సారు ఏదో పెళ్లికి దిగి లోపలికి వెళ్తే మా నాన్న బయట గంటలు గంటలు కూర్చునేవాడు. ఒకసారి నాటకం వస్తోందని రేడియో పెట్టుకున్నాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి బ్యాటరీ దిగిపోయింది, కారు తోయాల్సి వచ్చింది. ఆ నెల జీతంలో బ్యాటరీ డబ్బు కోశారు. ఆ తర్వాత సారు కారు దిగినప్పుడల్లా రేడియో గుండీ లాగి జేబులో వేసుకుని వెళ్లేవాడు. గుండీ లేకపోతే ఆన్ అవదు కదా. మీ ప్రశాంతమైన రేడియో మాకు ఆ రకంగా తెలుసు.

కండెన్సర్_మూర్తి
ఒక్క మాట. ట్రాన్సిస్టర్ కార్ రేడియో ఒక ఆంపియర్ కూడా లాగదు. ఒక నాటకం వింటే మంచి బ్యాటరీ దిగిపోదు. డైనమో సరిగా చార్జ్ చేసి ఉండదు, లేదా డైనమోకూ బ్యాటరీకీ మధ్య ఉండే కటౌట్ పాడై ఉంటుంది.

స్టీరింగు_కొడుకు
బావుంది. ఇన్నేళ్లకు మా నాన్న నిర్దోషి అని తేల్చారు. తప్పు డైనమోది, జీతం కోసింది ఆయనది. ఈ ముక్క అప్పుడు చెప్పడానికి ఆయనకు నోరుందా అని మీకు అనుమానమైనా రాలేదు.

కండెన్సర్_మూర్తి
నేను సాంకేతికంగా చెప్పాను.

పద్మిని_76
స్టీరింగు గారూ, మీరు నన్నెందుకు అంటున్నారో తెలియడం లేదు. మాది అంబాసిడర్ కాదు, ఫియట్. నాన్నగారు స్కూలు మాస్టారు, అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఆయనే నడుపుకున్నారు. మాకు డ్రైవరే లేడు. అప్పట్లో కొత్త కారు బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఆగాలి, మాకు ఆ స్తోమతా లేదు. మీ నాన్నగారి జీతం కోసింది నేను కాదు. ప్రతి పాత జ్ఞాపకాన్నీ పట్టుకుని కోర్టుకు లాగితే ఎలా?

స్టీరింగు_కొడుకు
మీరు కోశారని నేను అనలేదు. ‘ఆ రోజుల్లో అందరికీ’ అన్నారే, దానికే నా గొడవ. మీ నాన్నగారి కారులో మీకు బాగుంది, అంతవరకు రాసుకోండి, నేనూ లైకు కొడతాను. మా తరఫున రాయకండి.

పల్నాటి_పిల్లోడు
👏👏

పద్మిని_76
మాటకు మాట అంటిస్తున్నారు. ‘అందరికీ’ అనేది మాట వరసకు అంటాం.

స్టీరింగు_కొడుకు
మీకు మాట వరస. ఇంత గొడవా ఆ మాట దగ్గరే ఉంది. ప్రకటనలు లేవంటే గొప్ప, స్వతంత్రం అంటే గొప్ప. ఆ గుండీ ఎవరి జేబులో ఉందన్నది మాత్రం ఎవరూ అడగరు.

మోడరేటర్
వ్యక్తిగత విమర్శలు ఆపండి. రేడియో మీదకు రండి.

మైకు_మానేశా
రేడియో మీదే ఉన్నాం సార్. పద్మిని గారికి సూటిగా ఒక ప్రశ్న. ప్రకటనలు లేని రేడియో కావాలి, సరే. ఖర్చు ఎవరు పెట్టాలి?

పద్మిని_76
ప్రభుత్వం. అది ప్రజా సేవ.

మైకు_మానేశా
డబ్బు ప్రభుత్వం ఇస్తే మాట కూడా ప్రభుత్వమే ఇస్తుంది. మళ్లీ ఆల్ ఇందిరా రేడియో. పేరు మాత్రం మారుతుంది.

ఝరాసంగం_జొన్న
ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. 2006లో ఊరి సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చినప్పుడు గంటకు 5 నిమిషాల ప్రకటనలు ఒప్పుకున్నారు. ఇప్పుడది 12 నిమిషాలు అయింది. వార్తలు మాత్రం సొంతంగా చెప్పడానికి వీల్లేదు, ఆకాశవాణివి తిరిగి వేసుకోవచ్చు. సబ్బు అమ్ముకోవచ్చు, ఊళ్లో బోరు ఎందుకు ఎండిందో వార్తగా చెప్పకూడదు. ప్రైవేటు ఎఫ్ఎంకూ అదే రూలు. మీరంతా ప్రకటనల మీద కొట్టుకుంటున్నారు, నాకు ఈ రెండోదే పెద్ద సమస్యగా కనిపిస్తోంది.

మైకు_మానేశా
ఇది నిజం. ఎన్నికల ఫలితాలు వస్తున్న రోజు మైకు ముందు కూర్చుని వంకాయ కూర గురించి మాట్లాడాను.

ఎడిసన్_రావు
అందుకే వినేవాడు కట్టాలంటున్నాను. ఊరికి ఒక 200 మంది నెలకు 100 రూపాయలు వేసుకున్నా కొంత నడుస్తుంది.

స్టీరింగు_కొడుకు
మా ఊళ్లో ఆ 200 మంది ఎవరో నాకు తెలుసు. కట్టినవాళ్లే ఏం వేయాలో చెప్తారు.

ఎడిసన్_రావు
అయితే ఎవరూ కట్టకూడదా? సర్కారు వద్దు, వ్యాపారి వద్దు, ఊరి పెద్దలు వద్దు. మరి ట్రాన్స్‌మిటర్ కరెంటు బిల్లు?

స్టీరింగు_కొడుకు
కట్టమనండి. కట్టినవాడికి కార్యక్రమంలో వేలు పెట్టే హక్కు ఉండకూడదని రాసి ఇమ్మనండి. మీ జెర్సీలో అలా రాసిస్తారా?

ఎడిసన్_రావు
రాసివ్వరు. కానీ రైలు శబ్దం ఆపమని మెయిల్ పెట్టాను, ఆపలేదు.

కండెన్సర్_మూర్తి
అందరూ అసలు విషయం వదిలేశారు. వీఏ నంబరు...

బెంజిసర్కిల్
మూర్తిగారూ, ఆ నిబంధనలో చూసేది చాసిస్, బాడీ, ఇంజను. రేడియో మారిస్తే నంబరు పోదు. పైగా వింటేజ్ నంబరు తీసుకుంటే ఆ కారు రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు. ఆయన తిప్పుకోవాలనుకుంటున్నాడు. 15 ఏళ్లు దాటిన కారులా రెన్యువల్ చేయించుకుంటే చాలు.

కండెన్సర్_మూర్తి
ఆ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 చేశారు 2022లో. అది చెప్పరేం?

పద్మిని_76
రేడియో ఉంచుతున్నాను. కండెన్సర్ వేయిస్తాను. స్టీరింగు గారూ, మొదటి పోస్టు నేను మార్చను, నా జ్ఞాపకం నాది. రావుగారూ, నెలకు 100 రూపాయలు నేను కట్టను. లైసెన్సు డబ్బు మా నాన్నగారు ఏళ్ల తరబడి కట్టారు, దానికి మాకు దక్కిందేమిటో మైకు గారే పైన చెప్పారు.

మైకు_మానేశా
అయితే ఫ్లాట్ల ప్రకటనలు వినండి.

స్టీరింగు_కొడుకు
పోస్టు మార్చకండి, ఫరవాలేదు. నాది కూడా దాని కిందే ఉంటుంది.

ఝరాసంగం_జొన్న
వార్తల రూలు మీద వేరే చర్చ మొదలుపెడుతున్నా. మూర్తిగారూ, అక్కడికొచ్చి డైనమో గురించి రాయకండి.