ఇంకో లోకంలో బతికే ఉందంటే, ఇక్కడ పోయినందుకు ఏడవడం దేనికి?

మొదటి పోస్ట్:
ఒకే మనిషి వేర్వేరు లోకాల్లో వేర్వేరుగా బతికే ఈ మల్టీవర్స్ సినిమాలంటే విసుగొచ్చేసింది. 'ఇన్ఫినిటీ వార్' (2018)లో థానోస్ ఒక రాయి కోసం, పెంచిన కూతురు గమోరాను కొండ మీంచి విసిరేస్తాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. మరుసటి ఏడాది 'ఎండ్‌గేమ్'లో కాలప్రయాణం పుణ్యమా అని గతంలోంచి 2014 నాటి గమోరా నడుచుకుంటూ వచ్చేసింది! ఇక వాడు చెల్లించిన మూల్యానికి అర్థమేముంది? ఒక లోకంలో అవునన్నవాడు ఇంకో లోకంలో కాదంటాడు. రెండూ జరిగేటప్పుడు ఎంచుకున్నదేంటి?

జవాబు 1:
ఆ వచ్చినావిడ, చనిపోయిన గమోరా ప్రేమించిన క్విల్‌ని గుర్తే పట్టలేదు కదండీ. దగ్గరికొస్తే మోకాలితో పొడిచింది కూడా. క్విల్‌కి తిరిగొచ్చింది ఆ మొహం మాత్రమే, ఆ మనిషి కాదు. నాకైతే చావు కన్నా అదే నరకం.

మొదటి పోస్ట్ వ్యక్తి:
హాల్లో అందరూ దానికి నవ్వారు బ్రదర్! సరే, వదిలేద్దాం. లోకాలు అనంతం అన్నాక నేను మంచి చేసినా చెడు చేసినా మొత్తం లెక్క మారదుగా?

జవాబు 2:
చిన్న సవరణ. లోకాలు చీలడం గురించి భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ 1957లో చెప్పింది క్వాంటం కొలతల గురించి, అంటే అణువుల్లాంటి అతి చిన్నవాటిని కొలవడం గురించి. మనం ఎటు వెళ్లాలా అని తటపటాయించినప్పుడల్లా లోకం చీలుతుందన్నది సినిమావాళ్లు అల్లుకున్నది.

జవాబు 1:
మొత్తం లెక్క చూసేది ప్రేక్షకుడొక్కడే, పాత్ర బతికేది ఒక్క బతుకే. 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' (2022)లో మీ వాదననే కూతురు జాయ్ నోట పెట్టారు: అన్నీ చూసేశాను, ఏదీ ముఖ్యం కాదు అని. లాండ్రీ నడుపుకునే తల్లి ఎవెలిన్, పెళ్లి వద్దనుకుని సినిమా స్టార్ అయిన తన ఇంకో జీవితాన్నీ చూసింది. అయినా చివర్లో పార్కింగ్ స్థలంలో నిలబడి, లావవుతున్నావు, ఫోన్ కూడా చెయ్యవు అని కూతుర్ని తిట్టి, నీతో ఇక్కడే ఉంటానంటుంది. ముందు తిట్లే! అన్నీ తెలిశాక కోరుకున్నది కాబట్టే నేను నమ్మాను.

మొదటి పోస్ట్ వ్యక్తి:
కూతుర్ని నాశనం చేసిన ఎవెలిన్ కూడా ఎక్కడో ఉంటుందిగా. కెమెరా అటు తిరగలేదంతే.

జవాబు 1:
తిరిగిందండీ! ఆ సినిమాలోనే ఆల్ఫా అనే ఇంకో లోకంలో కూతురి మీద హద్దు మీరి ఒత్తిడి పెట్టి పెట్టి మనసు ముక్కలు చేసింది అక్కడి ఎవెలినే. కథలో గొడవంతా అక్కడే మొదలైంది. ఈ ఎవెలిన్ మారినా, ఆ లోకంలో ఆవిడ చేసింది చెరిగిపోలేదు.

మొదటి పోస్ట్ వ్యక్తి:
ఆ ముక్క మర్చేపోయాను. ఈ వారం మళ్లీ చూస్తాను. గమోరా విషయంలో మాత్రం తగ్గేది లేదు.