పాతిక వేల టేబుల్ రేడియో కోనసీమలో ఆ ధరకు తగినట్టు పలుకుతుందా?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి వచ్చే నెలలో డెబ్భై ఎనిమిదో ఏడు వస్తుంది. ఆ సందర్భంగా ఆయనకు మంచి రేడియో ఒకటి కొనిపెట్టాలని అనుకుంటున్నాను. తెల్లవారుజామున ఆకాశవాణి సంకేత సంగీతం చెవిన పడనిదే ఆయనకు కాఫీ రుచించదు. ఆ తరువాత భక్తిరంజని, వార్తలు, సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం, ఎప్పుడైనా నాటకం ఉంటే అదీ వింటారు. అన్నీ విజయవాడ కేంద్రానివే. ఇప్పుడు వాడుతున్నది అరచేతిలో ఇమిడే చవక రేడియో. దానిలో ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

నేను చూసి ముచ్చటపడినది టివోలీ ఆడియో వారి మోడల్ వన్. చెక్కపెట్టె, ఒకే స్పీకరు, ముందువైపు పెద్ద చక్రం లాంటి ట్యూనింగు, పక్కన రెండు చిన్న మీటలు. అంతకు మించి ఏమీ లేవు. విదేశీ సరుకు తెప్పించి అమ్మే దుకాణంలో దాని ధర పాతిక వేలు దాటింది. ఆ సొమ్ముకు గోడంత టీవీ వస్తుందని మా తమ్ముడు నవ్వుతున్నాడు. ధర సంగతి పక్కన పెట్టి, ఆ పెట్టె మా ఊళ్ళో నిజంగా బాగా పలుకుతుందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (పాలకొల్లు నుంచి)

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా రేడియోలు బాగుచేసిన వాణ్ణి. మీరు ధర అడిగారు గాని, అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మీ నాన్నగారు వినే కేంద్రం ఏ బ్యాండు మీద వస్తుందన్నది. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో, అంటే సెట్టు మీద ఏ.ఎం. అని రాసి ఉండే బ్యాండులో, 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. పాత సెట్ల డయల్ మీద మీటర్లలో చూసుకునేవారికి అది 358 దగ్గర ముల్లు. మీ ఊరికి విజయవాడ తిన్నగా కొలిస్తే సుమారు 140 కిలోమీటర్లు ఉంటుంది. పగటిపూట మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకుని పాకుతుంది. పొడి నేల, రాతి నేల దాన్ని త్వరగా మింగేస్తాయి గాని, తడి నేల, ఉప్పు తగిలిన నేల దాన్ని చాలా దూరం సాగనిస్తాయి. కాలువలు, చేలు, చెరువులు నిండిన మన డెల్టా ఆ తరంగానికి రాచబాట. అందువల్ల తరంగం మీ ఇంటిదాకా రావడంలో చిక్కు లేదు.

చిక్కంతా ఇంట్లోనే ఉంది. ఎల్‌ఈడీ బల్బులు, సెల్‌ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టరు, చుట్టుపక్కల చెరువుల మీద నీటికి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు, ఇవన్నీ మీడియం వేవ్‌లో గుయ్యిమనే రొద పుట్టిస్తాయి. మా రోజుల్లో వాల్వు సెట్టు, అంటే లోపల గాజు బుడ్ల వాల్వులతో నడిచే పాత రేడియో, పెడితే ఉరుము శబ్దం తప్ప వేరే అడ్డం ఉండేది కాదు. ఇప్పుడు పాతిక వేల రేడియో అయినా ఆరు వందల రేడియో అయినా ఆ రొదను కేంద్రంతో పాటే పట్టుకుంటుంది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. మీడియం వేవ్‌ను పట్టేది లోపల ఉండే నల్లటి ఫెరైట్ కడ్డీ. దానికి దిక్కు ఉంది. కడ్డీ పొడవాటి పక్క కేంద్రం వైపు ఉంటే బాగా పడుతుంది, కడ్డీ కొస కేంద్రం వైపు తిరిగితే స్వరం సన్నగిల్లుతుంది. చేతి రేడియోను మనం తెలియకుండానే అటూ ఇటూ తిప్పి రొద తగ్గిన చోట ఆపుతాము. బరువైన చెక్కపెట్టెను అలమరలో ఒకసారి పెట్టామంటే అది ఎటు చూస్తే అటే. విజయవాడ మీకు పడమరన ఉంది కనుక, కడ్డీని పెట్టె పొడవునా అమర్చిన సెట్టయితే దాని ముఖమో వీపో పడమరకు ఉండాలి. పెట్టె వెనక బయటి ఏరియల్ తగిలించే చోటు ఉంటే అది ఇంకా మేలు.

ఇక స్వరం సంగతి. మన దేశంలో మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే కనుక, అందులో వచ్చే ధ్వనికి పైస్థాయి సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. తాళం గలగల, వయొలిన్ మీది తళుకు ఎంత డబ్బు పోసినా రావు. కాని మనిషి గొంతులోని కింది భాగం, అంటే రొమ్ములోంచి వచ్చే గంభీరం, ఆ తరంగంలో పూర్తిగానే ఉంటుంది. అరచేతి రేడియో దాన్ని పలికించలేదు, మూడు నాలుగు అంగుళాల స్పీకరును కాస్త లోతైన పెట్టెలో బిగిస్తే పలుకుతుంది. మీరు డబ్బు పెట్టేది దానికోసమే. అది పాతిక వేలకే వస్తుందని మాత్రం నేను అనను.

జవాబు (భీమవరం నుంచి)

పై వారు చెప్పినదానికి నా చేదు అనుభవాన్ని చేర్చుతున్నాను. మా బంధువు ఒకరు అమెరికా నుంచి వస్తూ, అంకెలు వెలిగే ఖరీదైన టేబుల్ రేడియో తెచ్చారు. కంపెనీ పేరు అనవసరం. అది 120 వోల్టుల సెట్టని ఎవరికీ తోచలేదు. మన 230లో గుచ్చగానే కాలిన వాసన వచ్చింది. బాగుచేయించి, వోల్టులు తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాక అసలు కథ మొదలయింది.

అమెరికాలో మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్. ఆ రేడియో మీట నొక్కితే 820, 830, 840 అని పదేసి మెట్లు ఎక్కుతుంది తప్ప 837 దగ్గర నిలవదు. 840 మీద పెడితే విజయవాడ వచ్చేది గాని, జలుబు చేసినవాడు ముక్కుతో వార్తలు చదివినట్టు ఉండేది. కొన్ని సెట్లలో 9కి, 10కి మార్చుకునే ఏర్పాటు ఉంటుందట, నా దానిలో లేదు. చక్రంతో తిప్పి పట్టే పాతరకం ట్యూనింగుకు ఈ బాధ లేదు కనుక, మీరు చూసిన సెట్టు ఈ ఒక్క విషయంలో నయం. ఐరోపా నుంచి వచ్చే రేడియోల మీద డీఏబీ (అక్కడి డిజిటల్ రేడియో పద్ధతి) అని రాసి ఉంటే దానికోసం అదనంగా రూపాయి కూడా పెట్టకండి, మన దగ్గర ఆ ప్రసారాలు లేవు.

జవాబు (రాజమండ్రి నుంచి)

అందరూ భయపెడుతున్నారు కనుక, అదే మోడల్ వన్ ఏడేళ్ళుగా వాడుతున్నవాడిగా నాలుగు మాటలు రాస్తాను. దాన్ని రూపొందించిన హెన్రీ క్లాస్ సామాన్యుడు కాడు. 1950లలోనే చిన్న పెట్టెలోంచి లోతైన స్వరం రప్పించే స్పీకర్లు తయారుచేసిన సంస్థను స్థాపించినవారిలో ఒకడు. ఈ రేడియో 2000లో వచ్చింది, రెండేళ్ళలో ఆయన పోయాడు. ఆ ట్యూనింగు చక్రం అయిదు చుట్లు తిరిగితే కేంద్రాన్ని పట్టే లోపలి భాగం, అంటే గ్యాంగు, ఒక చుట్టు తిరిగేలా పళ్ళచక్రాలు అమర్చాడు. అందువల్ల వణికే వేలితో తిప్పినా కేంద్రం జారిపోదు. మా అమ్మగారికి చూపు మందగించాక కూడా ఎవరి సాయం లేకుండా వాడగలిగింది ఈ ఒక్క వస్తువునే.

అయితే నిజం ఒప్పుకోవాలి. మేము వినేది ఎక్కువగా ఊళ్ళోని ఎఫ్.ఎం. అందులో అది అద్భుతంగా పలుకుతుంది, వంటింట్లో ఉన్నా మనిషి ముందుగదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మీడియం వేవ్ కోసమైతే నేను దీనికి ఇంత డబ్బు పెట్టేవాణ్ణి కాను. పైగా దానిలో బ్యాటరీ లేదు. వెనక 12 వోల్టుల డీసీ గుచ్చే రంధ్రం ఉంది గాని, దానికి వేరే బ్యాటరీ మోసుకురావాలి. వానాకాలంలో చెక్కపొర అంచు ఒకచోట ఉబ్బి లేచింది, జిగురు పెట్టి ఇటుక బరువు ఉంచితే అణిగింది.

జవాబు (యానాం నుంచి)

ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం రొద లేకుండా వస్తుంది. ఫోను తీగను మంచి స్పీకరుకు కలిపితే సరిపోతుంది. గడియారం సరిచూసుకునేవారు మాత్రం కొన్ని సెకన్ల ఆలస్యాన్ని లెక్కవేసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. యాప్ సంగతి నాన్నగారికి చెప్పాను. ఫోనులో రేడియో వింటూ ఉంటే ఎవరో ఒకరు ఫోను చేసి వార్తలు ఆపేస్తారని ఆయన ఒప్పుకోలేదు.

పాలకొల్లు వారు రాసినది చదివాక ఆదివారం పూట ఒక పరీక్ష చేశాను. పక్కింటివారి నాలుగంగుళాల స్పీకరున్న బ్యాటరీ రేడియో అడిగి తెచ్చి, కొత్త రేడియో పెట్టాలనుకున్న పడకగది బల్ల మీద ఉంచాను. 837 మీద భక్తిరంజని వస్తోంది గాని దాని వెనక కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే మోత. ఇన్వర్టరు ఆపేస్తే సగం తగ్గింది. మంచం పక్కన గుచ్చి ఉన్న ఛార్జరు తీసేస్తే ఇంకొంత తగ్గింది. వీధి అరుగు మీదికి తీసుకువెళ్ళి పడమరకు తిప్పి పెట్టేసరికి, పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పాతిక వేల పెట్టెను నేను పెట్టబోయినది ఇల్లు మొత్తంలో రొద ఎక్కువగా ఉన్న చోటన్న మాట.

నాన్నగారు ఇదంతా వాలుకుర్చీలోంచి చూస్తూ, కరెంటు పోతే అది దేనిమీద నడుస్తుందని ఒకే ప్రశ్న వేశారు. 1996 నవంబరు తుపాను తరువాత మా ఊళ్ళో చాలా రోజులు చీకటే. కొబ్బరిచెట్లన్నీ దారికి అడ్డంగా పడి ఉంటే బయటి కబురు తెలిసింది ఆయన బ్యాటరీ రేడియో వల్లనే, వార్తల వేళకు అరుగు నిండా జనం చేరేవారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ప్రస్తుతానికి పక్కింటి వారిది లాంటిదే, కరెంటు మీద, బ్యాటరీ మీద నడిచేది తెప్పిస్తున్నాను. పాతిక వేలలో పదో వంతు కూడా కాలేదు.

పాలకొల్లు వారికి ఒక మనవి. అటక మీద మా తాతగారి మర్ఫీ వాల్వు సెట్టు ఉంది. చెక్కపెట్టె చెక్కుచెదరలేదు, డయల్ తాడు తెగింది, లోపల బల్లి గుడ్లు ఉన్నాయి. దాన్ని పలికించడం కుదురుతుందా?

జవాబు (పాలకొల్లు నుంచి)

వాల్వులు దొరకడం కష్టం గాని, వెతికితే అసాధ్యం కాదు. స్పీకరు బాగుంటే మీరు కోరిన గంభీరం ఆ పెట్టెలోనే ఉంది. అది పలికేదాకా ఖర్చెంతో మాత్రం ఇప్పుడే చెప్పలేను. మీరు మాత్రం పలుకుతుందేమో చూద్దామని కరెంటు ఇవ్వకండి, ఇన్నేళ్ళు ఎండిన కండెన్సర్లు పేలే ప్రమాదం ఉంది. తెచ్చేటప్పుడు డయల్ అద్దానికి మెత్తటి పంచె చుట్టి తీసుకురండి. మిగిలినవి ఎలాగో ఒకలాగ సంపాదించవచ్చు గాని, ఊళ్ళ పేర్లు రాసి ఉన్న ఆ అద్దం పగిలితే మళ్ళీ దొరకదు.